సుడిదోమకి రెండుసార్లు కొట్టినా తగ్గలేదు, మూడోసారి ఏం కొట్టాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. పద్మనాభం మండలంలో రెండెకరాల సాంబ మసూరి. ఊడ్చింది ఆగస్టు మొదట్లో, ఇప్పుడు కంకులు బయటపడి పాలు పోసుకుంటున్నాయి. సుడిదోమ, అంటే వరి మొదళ్ళలో రసం పీల్చే పురుగు, కనపడగానే మందుల షాపులో ఇచ్చిన మూడు డబ్బాలూ కలిపి మీ నాన్నగారు కొట్టారు. తగ్గలేదని పది రోజులకి మోతాదు పెంచి మళ్ళీ కొట్టారు. ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ ఉంది, పొలం మధ్యలో రెండు చోట్ల పైరు గుండ్రంగా ఎండిపోతోంది. మీరు విశాఖలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలే ఊరు వెళ్తున్నారు. మూడోసారి ఏం కొట్టాలి, డ్రోన్ అయితే నయమా, నాన్నగారు తువ్వాలు చుట్టుకుని కొట్టేస్తున్నారు, ఏమైనా అవుతుందా అని అడిగారు.

వ్యవసాయ శాఖలో చాలాకాలం ఈ పనే చేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ముందుగా ఒక మాట: కొత్త మందు కొనడానికి ఇవాళే పరిగెత్తకండి. అలాగని వారం రోజులు ఊరుకోవడానికీ వీల్లేదు. ఎందుకో కింద చెప్తాను.

మీరు రాసిన మూడు పేర్లలో ఒకటి ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు. రెండోది ఇమిడాక్లోప్రిడ్. మూడోది ఏదో టానిక్. టానిక్ సంగతి వదిలేయండి, దానివల్ల షాపుకి తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. మొదటిది అసలు పత్తి కాయతొలుచు పురుగుల కోసం వచ్చిన జోడీ. అందులో ఉన్న సైపర్‌మెత్రిన్ సింథటిక్ పైరిత్రాయిడ్ జాతి మందు. వరిలో ఈ జాతి మందులు కొడితే సుడిదోమ తగ్గకపోగా పెరుగుతుంది. ఇది ఊహ కాదు, వరి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్న మాట. దోమని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు పైరంతా తిరుగుతుంటాయి, పైనుంచి కొట్టిన మందుకి ముందు అవే చచ్చిపోతాయి. దోమ నీటికి జానెడు పైన, దుబ్బు మొదట్లో కూర్చుని ఉంటుంది, అక్కడికి మందు సరిగ్గా దిగదు. దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల పొదిగి ఉంటాయి, వాటికి అసలేమీ కాదు. వారం, తొమ్మిది రోజుల్లో అవి పగిలి పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాడు ఎవడూ ఉండడు. మీ నాన్నగారు పది రోజులకి చూసిన దోమ చాలావరకు ఆ కొత్త పంటే.

1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరిలో వాడే 57 పురుగుమందుల్ని ఒకేసారి నిషేధించింది. కారణం ఈ దోమే. మందులకి సబ్సిడీలిచ్చి మరీ కొట్టించాక దోమ లక్షల ఎకరాలు తినేసింది. ఆపేశాక వాళ్ళ వరి దిగుబడి పడిపోలేదు. మన దగ్గర మాత్రం దోమ అనగానే చేతికొచ్చిన రెండు డబ్బాలు కలిపివ్వడం ఇంకా మానలేదు.

ఇక ఇమిడాక్లోప్రిడ్. ఒకప్పుడు దోమకి బ్రహ్మాండంగా పనిచేసింది. ఏళ్ళ తరబడి అదే కొట్టీ కొట్టీ ఆసియా అంతటా దోమ దానికి అలవాటుపడిపోయింది. మోతాదు పెంచితే తట్టుకోగలిగిన దోమలు మిగిలి, వాటి సంతానమే పొలం నిండుతుంది. రెండోసారి డోసు పెంచడంవల్ల ఖర్చు పెరిగింది, పని జరగలేదు.

ఇప్పుడు చేయాల్సింది. రేపు పొద్దున్న మీ నాన్నగారో, మీరు వెళ్ళే రోజైతే మీరో, పొలంలోకి దిగి దోమని లెక్కపెట్టాలి. గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ తెలియదు, గట్టు పక్క పైరు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా నడుస్తూ ఇరవై దుబ్బులు చూడండి. ప్రతి దుబ్బు దగ్గరా వంగి, పైరు రెండు చేతులతో పక్కకి విడదీసి మొదలు చూడాలి. గోధుమరంగులో, గింజలో సగం ఉండే పురుగులు కాండానికి అంటుకుని ఉంటాయి. వేలు దగ్గరికి తీసుకెళ్తే ఎగరకుండా పక్కకి నడిచి కాండం అవతలి వైపుకి జరుగుతాయి. అదే దోమ. దుబ్బుని అరచేత్తో రెండుసార్లు తడితే నీళ్ళ మీద పడి తేలతాయి, లెక్కకి సులువు. తెల్లటి స్టీలు పళ్ళెం పట్టుకుని అందులోకి దులిపినా సరే.

ఆ పళ్ళెంలోనే ఇంకో పురుగు కనపడొచ్చు. ఆకుపచ్చగా, తలా భుజాలూ నల్లగా, పొడవాటి మీసాలతో, చకచకా పరిగెత్తేది. అది మిరిడ్ నల్లి, దోమ గుడ్లనీ పిల్లల్నీ పీల్చేస్తుంది. చాలామంది దాన్ని కూడా దోమ లెక్కలో వేసేసి భయపడతారు. సాలీళ్ళు ఎన్నున్నాయో కూడా పక్కన రాసుకోండి. రెండుసార్లు పైరిత్రాయిడ్ పడ్డాక మీ చేలో అవి పెద్దగా ఉండకపోవచ్చు, అయినా చూడాలి.

దుబ్బుకి సగటున ఎన్నొచ్చాయన్నదే నిర్ణయం. పిలకల దశలో 10 నుంచి 15, కంకి దశలో 20 నుంచి 25 దాటితే మందు కొట్టడం న్యాయం. మీది కంకి దశ. సగటు పది, పన్నెండే ఉండి సాలీళ్ళూ నల్లులూ కూడా కనపడుతుంటే నాలుగైదు రోజులాగి మళ్ళీ లెక్కపెట్టండి. మధ్యలో ఆ రెండు ఎండిన సుడుల దగ్గర యాభై ఉండి మిగతా పొలంలో అయిదారే ఉంటే రెండెకరాలూ కొట్టనక్కర్లేదు. ఆ సుడుల్నీ, వాటి చుట్టూ మూడు మీటర్ల వెడల్పున పచ్చగా ఉన్న పైరునీ కొడితే చాలు. ఎండిపోయిన దుబ్బుల్లో దోమ ఉండదు, అది అప్పటికే అంచుకి జరిగిపోయి ఉంటుంది. అసలు కొట్టాల్సింది ఆ అంచుని.

లెక్కపెట్టేలోపు ఖర్చులేని పని ఒకటుంది: మడిలో నీళ్ళు తీసేయండి. మొదళ్ళ దగ్గర తేమా నీడా ఉంటేనే దోమకి సుఖం. నేల చిన్నగా నెర్రెలిచ్చేదాకా అక్కర్లేదు, పాలు పోసుకునే దశ కాబట్టి రెండు మూడు రోజులు ఆరబెట్టి మళ్ళీ పలచగా పెట్టండి. ఈ నీళ్ళు తీసే పని మందు కొట్టకముందే జరగాలి. మన వైపు పల్లపు మడులన్నీ ఒకదాని నీళ్ళు ఒకదానిలోకి పారి చివరికి చెరువులోకో, గెడ్డలోకో (వాగులోకో), గోస్తని నదిలోకో చేరతాయి. గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, అక్కడ చేపా రొయ్యా పట్టుకుని బతికే కుటుంబాలున్నాయి. పైరిత్రాయిడ్లు చేపకీ రొయ్యకీ చాలా కొద్ది మోతాదులోనే విషం. మందు కొట్టాక నీళ్ళు వదిలితే ఆ పాపం ఎక్కడో తేలుతుంది. కొట్టాక కనీసం నాలుగైదు రోజులు మడవలు మూసే ఉంచండి.

యూరియా ఇక ఒక్క గింజ కూడా వేయొద్దు. వానలకి పైరు పసుపెక్కిందని అర బస్తా చల్లారని రాశారు కదా, దోమకి అది విందు. ముదురాకుపచ్చగా, మెత్తగా ఉన్న పైరులోనే అది గుడ్లు ఎక్కువ పెడుతుంది.

లెక్కలో 25 దాటిందనుకుందాం, అప్పుడు పైమెట్రోజిన్ 50 శాతం పొడి మందు తీసుకోండి. లీటరుకి 0.6 గ్రాములు, ఎకరాకి 120 గ్రాములు. ఇది ఇమిడాక్లోప్రిడ్ కుటుంబానికి చెందింది కాదు, పనిచేసే తీరే వేరు. డైనోటెఫ్యూరాన్ కూడా సిఫార్సులో ఉంది కానీ అది ఇమిడాక్లోప్రిడ్ గుంపుదే, మీ పరిస్థితిలో నేనైతే దాని జోలికి పోను. పైమెట్రోజిన్‌తో ఒక చిక్కుంది. ఇది కొట్టగానే దోమ టపటపా రాలిపోదు. నోరు పనిచేయక రసం పీల్చడం మానేసి, ఆకలితో మెల్లగా చస్తుంది. మర్నాడు వెళ్ళి చూస్తే దోమ కదులుతూనే ఉంటుంది, 'ఈ మందూ పనిచేయలేదు' అని టెన్షన్ పడి ఇంకోటి కొట్టేస్తారు. అయిదారు రోజులాగి లెక్కపెట్టండి. దీంట్లో ఇంకేమీ కలపొద్దు, టానిక్ అసలొద్దు.

తేదీల సంగతి కూడా ఉంది. వారం రోజులు ఊరుకోవద్దన్నది ఇందుకే. లేబుల్ మీద, ఆఖరిసారి కొట్టిన రోజుకీ కోతకీ మధ్య ఎన్ని రోజులుండాలో రాసి ఉంటుంది. ఈ మందుకి దాదాపు మూడు వారాలు. పాలు పోసుకునే దశ నుంచి కోతకి మీకు నాలుగు వారాల దాకా ఉంటుంది. అంటే కొట్టాలంటే ఈ వారంలోనే. గింజ గట్టిపడటం మొదలయ్యాక కొడితే దిగుబడి పెరగదు, బియ్యంలోకి మందు వస్తుంది. ఆ బియ్యం మీ ఇంట్లోవాళ్ళే తింటారు.

మందు ఎంత మంచిదైనా మొదళ్ళకి తగలకపోతే దండగ. ఊడ్చినప్పుడు ప్రతి రెండు మీటర్లకీ ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలి ఉంటే ఇప్పుడు హాయిగా ఉండేది. వదల్లేదు కాబట్టి కర్రతో పైరుని రెండు పక్కలకీ వంచి పాయలు తీయాలి. ఒకరు పాయ తీస్తూ ముందు నడిస్తే ఇంకొకరు వెనక నాజిల్ కిందికి దించి దుబ్బుల మొదళ్ళు తడిసేలా కొట్టుకుంటూ రావాలి. కష్టమే. ఎకరం పనికి రెండు పూటలు పడుతుంది. కానీ దోమకి వేరే దారి లేదు.

నీళ్ళ లెక్క కూడా ఇక్కడే తప్పుతుంది. సిఫార్సు ఎకరాకి 200 లీటర్లు. పదహారు లీటర్ల ట్యాంకు అయితే పన్నెండున్నర ట్యాంకులు. మన దగ్గర చాలామంది ఆరేడు ట్యాంకులతో ఎకరం ముగించేస్తారు. ట్యాంకుకి పది గ్రాముల లెక్కన ఆరు ట్యాంకులు కొడితే ఎకరాకి పడింది 60 గ్రాములే, అంటే సగం డోసు. అలా సగం సగం కొట్టడమే దోమకి మందు అలవాటు చేసే మార్గం. మీ నాన్నగారి నడక ఎంతో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చేయండి. 200 లీటర్లు ఎకరాకంటే సెంటుకి రెండు లీటర్లు. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై రెండడుగుల పొడవు కొలిస్తే సెంటు చిల్లర. ట్యాంకులో అయిదు లీటర్ల మంచినీళ్ళు పోసి ఆ ముక్కంతా మామూలుగా కొట్టమనండి. మిగిలిన నీళ్ళు మూడు లీటర్లుంటే నడక సరే. నాలుగుంటే ఆయన రెట్టింపు వేగంతో నడుస్తున్నట్టు. పొడి మందుని మూతలతో, చిటికెలతో కొలవొద్దు. కిరాణా షాపులో చిన్న త్రాసు మీద ట్యాంకుకొక పొట్లం చొప్పున కట్టించుకోవచ్చు అనే సలహా కూడా ఎవరో ఇస్తారు, అది మాత్రం వద్దు. సరుకులు తూచే త్రాసు మీద విషం పెట్టకూడదు. దీనికోసమే ఒక చిన్న త్రాసు కొనుక్కోండి, ఇంట్లో వేరే దేనికీ వాడకండి.

నాజిల్ బోలు శంకువులా పొగమంచు చిమ్మేది ఉండాలి. కలుపు మందు కొట్టే బల్లపరుపు నాజిల్ పెట్టేసి అదే పనిగా కొట్టేవాళ్ళుంటారు, కలుపు మందుకి వాడిన ట్యాంకే దీనికీ వాడతారు. వీలైతే ట్యాంకులు వేరు, లేదంటే సబ్బు నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగాకే.

డ్రోన్ గురించి అడిగారు. అగ్గితెగులుకో, ఆకుముడతకో అయితే కొట్టించుకోండి, మనిషికి మందు సోకడం బాగా తగ్గుతుంది. డ్రోన్ ఎకరాకి సుమారు పది లీటర్ల నీళ్ళే వాడుతుంది, సన్న తుంపర. కమ్ముకున్న పైరులో అది పైఆకుల మీదే ఆగిపోతుంది. ఈ దశలో సుడిదోమకి నేను డ్రోన్ ఒప్పుకోను. పైగా సముద్రపు గాలి లేచే వేళ ఎగరేస్తే సగం పక్క చేలోకి పోతుంది.

వేళ విషయానికొస్తే సాయంత్రం నాలుగు తర్వాత. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా వరి పూత విచ్చుకునే సమయం, ఆలస్యంగా ఈనిన కంకులు ఇంకా పూతలో ఉంటాయి, పుప్పొడికి తేనెటీగలూ వస్తాయి. ఆకాశం కూడా చూసుకోండి. అక్టోబరు, నవంబరు అంటే మనకి అల్పపీడనాల కాలం, హుద్‌హుద్ తుపాను వచ్చింది కూడా 2014 అక్టోబరు 12నే. రేపు వాన ఉందని వాతావరణ శాఖ చెప్తే ఇవాళ మందు కొట్టి గెడ్డలో పోసినట్టే.

మీ నాన్నగారి తువ్వాలు. ఇది మందుకంటే నాకు ఎక్కువ దిగులు పుట్టించిన వాక్యం. తువ్వాలు మందుని ఆపదు, పీల్చుకుంటుంది. తడిసిన తువ్వాలు ముక్కుకి కట్టుకుని రెండు గంటలు తిరగడమంటే మందు గుడ్డలో ముక్కు పెట్టి నిలబడటమే. ఒంట్లోకి మందు ఎక్కువగా పోయేది చర్మం గుండా, అందులోనూ మందు కలిపేటప్పుడు చేతుల గుండా. అప్పుడు ద్రావణం చిక్కగా ఉంటుంది. కాబట్టి అన్నిటికంటే ముందు కొనాల్సింది మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవుజులు. తర్వాత మాస్కు, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా, ప్యాంటు. మన ఉక్కపోతలో ఇవన్నీ వేసుకుని మధ్యాహ్నం పనిచేయడం ఎవరి తరమూ కాదు, సాయంత్రం అంటున్నది అందుకు కూడా. గాలికి ఎదురుగా నడవొద్దు. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదొద్దు, పాత టూత్‌బ్రష్ ఒకటి జేబులో పెట్టుకోమనండి. మధ్యలో చుట్ట వెలిగించడం, చెయ్యి కడగకుండా మంచినీళ్ళ సీసా ఎత్తడం, ఇవి మానాలి. ఇంటికొచ్చాక సబ్బుతో స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. ఉతికేది అమ్మే అయితే ఆవిడకీ గ్లవుజులు ఇవ్వండి, ఆవిడని ఎవరూ లెక్కలో పెట్టరు.

డబ్బా మీద మూల మీద నిలబెట్టినట్టున్న చదరంలో రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ చివరిది. ఎరుపు కనపడితే కొనకండి, దానికి బదులు ఏదో ఒకటి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. ఫోరేట్, ట్రైజోఫాస్ లాంటివి 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. పాత సరుకు ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వద్దనండి. బ్యాచ్ నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకోండి, రేపు మందు నకిలీదని తేలితే మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

కొట్టిన రోజు విపరీతంగా చెమట, నోట్లో నీళ్ళూరడం, చూపు మసకబారడం, కడుపులో తిప్పడం, వణుకు వస్తే నిద్రపోతే తగ్గుతుందని ఊరుకోవద్దు. బట్టలు విప్పేసి సబ్బుతో ఒళ్ళు కడిగి 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించే ప్రయత్నాలు చేయొద్దు. మందు డబ్బా తప్పకుండా వెంట తీసుకెళ్ళండి, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ అయితే వైద్యం ఒకటి, పైరిత్రాయిడ్ అయితే ఇంకొకటి, డాక్టరుకి ఆ పేరు ముఖ్యం. మిగిలిన మందు ఇంట్లో అటక మీద కాదు, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. పిల్లల కోసమే కాదు, పెద్దవాళ్ళకి మనసు బాగాలేని రోజు కోసం కూడా.

వేప కషాయాలు, నీమాస్త్రం మాటేమిటని చివర్లో అడిగారు. ప్రకృతి వ్యవసాయం మీద నాకు గౌరవమే, మన ఉత్తరాంధ్రలో బాగా చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. కానీ అది నారుమడి నుంచి మొదలుపెట్టే పద్ధతి. దుబ్బుకి నలభై దోమలెక్కాక వేపనూనె కొట్టి పంట నిలుపుకోవడం జరగదు.

వచ్చే ఖరీఫ్‌కి మాత్రం విత్తనం దగ్గరే ఆలోచించండి. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అన్నానికి మహా బాగుంటుంది, దోమకీ అగ్గితెగులుకీ ఎండాకు తెగులుకీ తట్టుకోలేదు. ఎండాకు తెగులు ఒక్కటే మీ బాధ అయితే దాన్ని తట్టుకునేలా 2008లో విడుదల చేసిన మెరుగుపరచిన సాంబ మసూరి ఉంది, దోమకి మాత్రం అది పనికిరాదు. మీ పొలంలో ఏటా దోమే వస్తోంది కాబట్టి మార్టేరు వరి పరిశోధన కేంద్రం రకాల్లో ఇంద్ర అనే ఎం.టి.యు. 1061, అమర అనే ఎం.టి.యు. 1064 గురించి రైతు సేవా కేంద్రంలో వాకబు చేయండి, రెండూ దోమని కొంత తట్టుకుంటాయి. తినడానికి అరెకరం సాంబ ఉంచుకుని మిగతాది మార్చినా చాలు. అరెకరం అయితే వారానికోసారి వంగి మొదళ్ళు చూడటం నాన్నగారికి కష్టం కాదు.

ఇరవై దుబ్బుల లెక్క వచ్చాక రాయండి. సగటు ఒక్కటే కాదు, ఏ దుబ్బులో ఎన్నో విడివిడిగా రాయండి, చిన్న తెల్ల పిల్లలెన్ని, రెక్కల పెద్దవెన్ని అన్నది కూడా. అది చూస్తే పొలమంతా కొట్టాలా, సుడుల అంచులు చాలా అన్నది చెప్పగలను.